తేడా వచ్చింది వంతెనలోనా, జిగురులోనా?

వంతెన గర్డర్లకు పీజెడ్‌టీ అనే పీజో పింగాణీ ముక్కలు (కరెంటు ఇస్తే కంపించేవి, కంపిస్తే కరెంటు పుట్టించేవి) అంటించి గర్డర్ల ఆరోగ్యం కనిపెడతామనే వాళ్లు ఒక మాట పదే పదే చెబుతున్నారు. ఈ పింగాణీ 350 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, మన ఎండలు దాన్నేమీ చెయ్యవు, కాబట్టి ముక్క నుంచి కొలిచిన గ్రాఫులో గీత కదిలిందంటే నిర్మాణానికి దెబ్బ తగిలినట్టే అని. ఇందులో మొదటిది సగం నిజం. చివరిది శుద్ధ తప్పు. దాన్ని నమ్మితే బాగున్న వంతెనను మూసేస్తాం, లేదా పగిలిన వంతెన మీద బస్సులు నడుపుతాం.

ఆ 350 డిగ్రీలు పీజెడ్‌టీ-5ఏ రకపు క్యూరీ ఉష్ణోగ్రత. ఎక్కువ స్పందిస్తుందని చాలామంది కొనే 5హెచ్ రకానికి అది 200 లోపే. పైగా అది పీజో గుణం పూర్తిగా పోయే హద్దు మాత్రమే, అక్కడిదాకా ఏ మార్పూ రాదన్న హామీ కాదు. పాతిక డిగ్రీల నుంచి యాభైకి వెళ్లేలోపే ముక్క కెపాసిటెన్స్ పెరుగుతుంది. ఉక్కు బిగువు కాస్త తగ్గి, ఫ్రీక్వెన్సీని బట్టి గీసే కండక్టెన్స్ గ్రాఫులోని శిఖరాలు తక్కువ ఫ్రీక్వెన్సీ వైపు జరుగుతాయి. పగులు వచ్చినా అవి సాధారణంగా జరిగేది అటే! స్విట్జర్లాండులో జెడ్24 వంతెనను 1998లో కూల్చే ముందు నెలల తరబడి కొలిచారు. చలి సున్నాకు దిగువకు పోయినప్పుడు తారు బిగుసుకుని, ఏ మరమ్మతూ చెయ్యకుండానే దాని సహజ ఫ్రీక్వెన్సీలు పెరిగాయి.

అసలు చిక్కు ముక్క కింద ఉంది. సెంటీమీటరు చదరం, 0.3 మిల్లీమీటర్ల మందం ఉన్న ఆ పలక కంపనం గర్డరులోకి వెళ్లేది జిగురు పొర గుండానే. పొర మందమైనా, మెత్తనైనా కంపనంలో కొంత అక్కడే ఆగిపోతుంది. ఈ నష్టాన్ని పరిశోధకులు సురేశ్ భల్లా, సో చీ కియోంగ్ 2004లోనే ఇంపెడెన్స్ సూత్రాల్లోకి ఎక్కించారు. అయినా సైటు మీద జరిగేది చూడండి. గరుకు కాగితంతో రుద్ది, అసిటోన్‌తో తుడిచి, రెండు గొట్టాల ఎపాక్సీ కలిపి బొటనవేలితో అదుముతారు. ఒక మూల పొర పలచన, ఇంకో మూల గాలి బుడగ. మందం ఎంతో ఎవరూ రాసుకోరు. గది వేడిలో గట్టిపడే ఇలాంటి ఎపాక్సీలు చాలావరకు 50–70 డిగ్రీల మధ్య మెత్తబడతాయి. మే నెలలో రామగుండం ఎండలో ఉక్కు పలక ఆ వేడికి చేరడం వింతేమీ కాదు.

సాఫ్ట్‌వేరు సవరించేస్తుందంటారు. గ్రాఫు మొత్తం పక్కకు జరిగితే వెనక్కి జరపవచ్చు, నిజమే. జిగురు మెత్తబడితే మాత్రం శిఖరాల ఎత్తు తగ్గుతుంది, ఆకారమే మారుతుంది. ఎంత జరిపినా పాత గ్రాఫు మీద అది అతకదు.

అలాగని ఈ పద్ధతే పనికిరాదనేవాళ్లతోనూ నేను ఏకీభవించను. సాక్ష్యం ఆ కొలతలోనే ఉంది, మనమే పారేస్తున్నాం. కండక్టెన్స్‌తో పాటు, ముక్క కెపాసిటెన్స్‌ను చూపే ససెప్టెన్స్ కూడా యంత్రం ఇస్తుంది. అంటుకున్న ముక్కను గర్డరు బిగించి పట్టుకుంటుంది కాబట్టి ససెప్టెన్స్ గీత వాలు తక్కువగా ఉంటుంది. జిగురు ఊడితే వాలు పెరుగుతుంది, ముక్క విరిగితే తగ్గుతుంది. లాస్ ఆలమోస్‌లో పార్క్, ఫరార్ బృందం 2006లో దీన్ని ప్రయోగాలతో చూపించింది. వేడికీ వాలు పెరుగుతుంది, అందుకే ముక్క పక్కనే ఉష్ణోగ్రత కొలవాలి. అన్ని ముక్కల్లోనూ ఒకేసారి పెరిగి, వేడి మునుపటి స్థాయికి దిగాక యథాస్థితికి వస్తే అది ఎండ పని. ఒక్క ముక్కలోనే పెరిగి అదే వేడి దగ్గర కూడా దిగకపోతే, పగులు అనేముందు ఆ జిగురును అనుమానించాలి.

దీనికి ఖర్చు పెరుగుతుందన్న అభ్యంతరం నిలవదు. ఒక థర్మిస్టరు, ఇప్పటికే వస్తున్న ఇంకో వరుస అంకెలు, అంతే. జిగురు రకం, పొర మందం, అంటించిన రోజు ససెప్టెన్స్ వాలు, అప్పటి ఉష్ణోగ్రత రాసివ్వని కాంట్రాక్టరుకు బిల్లు చెల్లించబోమని టెండరులోనే పెట్టాలి.