లెక్కకు కాదు, రవాణాకే కరెంటు

కంప్యూటర్‌లో కరెంటును ఎక్కువగా తినేది లెక్క కాదు, డేటా రాకపోకలు. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు మార్క్ హోరోవిట్జ్ 2014లో చూపిన అంచనాలో, 32 బిట్ల పూర్ణాంకాల కూడికకు 0.1 పికోజౌల్ చాలు. అదే అంకెను బయటి మెమరీ నుంచి తేవడానికి 640 కావాలి. పిడికెడు బియ్యం కోసం మదనపల్లె నుంచి చిత్తూరుకు బండి కట్టినట్టు! మెమరీ పక్కనే లెక్క చేసే ప్రాసెసర్లే దీనికి మందు. వాటిని రూపొందించడానికి లైసెన్సు లేదన్న సాకు ఇక చెల్లదు. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో 2010లో మొదలైన రిస్క్-ఫైవ్ అనే ప్రాసెసర్ ఆదేశాల సమితి (ఇన్‌స్ట్రక్షన్ సెట్) అందరికీ ఉచితం. మద్రాసు ఐఐటీ ‘శక్తి’ ప్రాసెసర్లు దానిమీద కట్టినవే. ఆ ఐఐటీ మార్గదర్శకత్వంలోనే 2015లో మన తిరుపతి ఐఐటీ మొదలైంది. ఏర్పేడులోని ఆ తిరుపతి ఐఐటీ, శ్రీసిటీలోని ట్రిపుల్ ఐటీ ఆచార్యులారా, కోడింగ్ కొలువుల మోజు ఎటూ ఉండేదే (అమ్మానాన్నలు అడిగేదీ అదే). చివరి ఏడాది ప్రాజెక్టుల్లో మాత్రం ఎంత కరెంటు మిగిల్చారో చూసి మార్కులు వేయండి.