బాసు కన్నా బంట్రోతుకే ముప్పు!

పెద్ద కుర్చీలో కూర్చునేవాళ్లకే టెన్షన్లూ గుండెజబ్బులూ ఎక్కువనుకుంటారు చాలామంది. కానీ 1967లో లండన్‌లో మగ ప్రభుత్వోద్యోగులపై మొదలైన 'వైట్‌హాల్' అధ్యయనం తేల్చింది వేరు. గుండెజబ్బు మరణాలు పై అధికారుల్లోకన్నా బంట్రోతుల్లాంటి అట్టడుగు ఉద్యోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువ! పొగతాగడం, రక్తపోటు వంటివి లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పూర్తిగా పోలేదు. 1985లో స్త్రీలనూ కలుపుకుని మొదలుపెట్టిన రెండో అధ్యయనంలో మరో కారణం బయటపడింది... చేసే పనిలో తమ మాట చెల్లకపోవడం.

ఒత్తిడి వేళ అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ హార్మోన్లను వదులుతాయి. గుండె వేగం, రక్తపోటు, రక్తంలో చక్కెర పెరుగుతాయి. కాసేపైతే అది శరీరానికి రక్షణే. నిత్యం అదే తంతయితే మాత్రం గుండెకు చేటు. అందుకే, ఏ పని ముందో ఏది తర్వాతో ఉద్యోగినే తేల్చుకోనిస్తే అతని గుండెకూ మేలే.