బిరుదు ముందా, వెనకా?

మొన్న ఆదివారం పొద్దున్నే మా పక్కింటి మేష్టారు కూతురి శుభలేఖ చిత్తుప్రతి పట్టుకుని వచ్చారు, తప్పొప్పులు చూసి పెట్టమని. చూశాను. వరుడి పేరుకు ముందు 'డాక్టర్' అని వుంది, వెనక ఎం.బి.బి.ఎస్. అని వుంది. వధువు పేరుకు చి.ల.సౌ. తప్ప మరేమీ లేదు.

"అమ్మాయి ఎల్.ఎల్.ఎం. ప్యాసయింది కదండీ, వెయ్యలేదేం?" అన్నాను.

"డాక్టరంటే అదొక బిరుదు. ప్లీడరుకు పేరు ముందు పెట్టుకునే మాటేముంది చెప్పండి!" అన్నారు మేష్టారు.

వెనకాలే వచ్చిన అమ్మాయి వూరుకోలేదు. "బాబాయిగారూ, ఆయనది బాచిలర్ పట్టా, నాది మాస్టర్ పట్టా. మీరే తీర్పు చెప్పండి" అంది. ప్లీడరమ్మకు నేను తీర్పు చెప్పడమా!

అయితే ఆమె మాటలో అబద్ధం లేదు. ఎం.బి.బి.ఎస్. అంటే వైద్యంలోనూ, శస్త్రచికిత్సలోనూ బాచిలర్. ఎల్.ఎల్.బి. అంటే న్యాయశాస్త్రంలో బాచిలర్. చట్టాలు అనేకం గనక లాటిన్ పద్ధతిలో 'ఎల్' రెండుసార్లు వేస్తారు. పట్టాల లెక్కలో రెండూ ఒకే మెట్టు. వైద్యుణ్ణి డాక్టరనడం లోకం ఇచ్చిన మర్యాద. లాటిన్‌లో ఆ మాటకు అసలు అర్థం బోధించేవాడని. అంటే న్యాయానికి ఆ బిరుదు మా మేష్టారికే చెందాలి!

ఈ మర్యాదలకు దేశానికో తీరు. ఇంగ్లండులో సర్జన్లు పాత ఆచారం కొద్దీ 'మిస్టర్' అనిపించుకోవడమే గొప్ప అనుకుంటారు. అమెరికాలో లాయరు పట్టా పేరే 'జూరిస్ డాక్టర్'. అయినా అక్కడ లాయర్ని "డాక్టరుగారూ" అని పిలిచే వాడుక లేదు. మన అంబేద్కర్‌గారు బారిష్టరే గాని, ఆయన పేరు ముందున్న 'డాక్టర్' కొలంబియా, లండన్ విశ్వవిద్యాలయాల్లో ఆర్థికశాస్త్రం చదివి సంపాదించుకున్నది. న్యాయశాస్త్రంలో డాక్టరేటు కొలంబియావారు 1952లో గౌరవార్థం ఇచ్చారు, అప్పటికి ఆయన రాజ్యాంగ రచన ముగించారు.

మన ప్లీడర్లలోనూ ఒకప్పుడు పెద్ద నిచ్చెనే వుండేది: సెకండుగ్రేడు ప్లీడరు, ఫస్టుగ్రేడు ప్లీడరు, హైకోర్టు వకీలు, బారిష్టరు. రాజమండ్రిలో సెకండుగ్రేడు ప్లీడరుగా పేరూ డబ్బూ గడించిన టంగుటూరి ప్రకాశం పంతులుగారు పైకోర్టు గడప ఎక్కడానికి సముద్రం దాటి బారిష్టరై రావలసివచ్చింది. 1961 నాటి అడ్వొకేట్ల చట్టం ఆ తేడాలు తీసేసి అందరినీ అడ్వొకేట్లను చేసింది. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం వారి బోర్డు కూడా మితంగానే వుండాలి. మాజీ జడ్జినని దానిమీద రాసుకోరాదు.

"చూశారా, వాళ్లే వద్దన్నారు!" అన్నారు మేష్టారు.

"అది గొప్పలు చెప్పుకోవద్దని నాన్నా, చదువు దాచుకోమని కాదు" అంది అమ్మాయి.

మేష్టారు మాట్లాడలేదు. ఆ చదువు కోసం ఆయన ఇంటిస్థలం అమ్ముకున్న సంగతి నాకు తెలుసు. కాసేపటికి నెమ్మదిగా అసలు మాట బయట పెట్టారు. "పెళ్లికూతురి పట్టా పెద్దదిగా కనిపిస్తే మగపెళ్లివారు ఏమనుకుంటారో నని..."

"అబ్బాయిని అడిగారా?" అన్నాను.

"నేను అడిగాను" అంది అమ్మాయి. "వేస్తే ఇద్దరివీ వెయ్యమనండి, లేకపోతే ఇద్దరివీ తీసెయ్యమనండి అన్నారు."

మేష్టారు నా కలం అడిగి తీసుకున్నారు. కూతురి పేరు పక్కన గుండ్రని అక్షరాలతో ఎల్.ఎల్.ఎం., అడ్వొకేట్ అని రాసి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ ఒకసారి చదువుకున్నారు.

"ముందు పెట్టడానికి మాత్రం ఏమీ దొరకలేదండీ" అన్నారు.

"ఫరవాలేదు మేష్టారూ, మన 'గారు' ఎప్పుడైనా పేరుకు ముందు కూచుందా?" అన్నాను.