అడిగే మనిషి కావాలి

1977 నవంబరు 19, శనివారం. కృష్ణా జిల్లా దివిసీమను ఉప్పెన ముంచిన ఆ రోజు గురించి లెక్కలు చాలానే ఉన్నాయి. చనిపోయినవాళ్ళ అధికారిక లెక్క పదివేల చుట్టూ ఉంటే, ఊళ్ళ లెక్క అంతకు మించి ఉంటుంది. కూలిన ఇళ్ళు, కొట్టుకుపోయిన గొడ్లు, చౌడు తేలిన పొలాలు అన్నీ రాసుకున్నారు. ఇంటిల్లిపాదినీ పోగొట్టుకుని తాను ఒక్కడే మిగిలినవాడు ఆ తర్వాత ఎలా నిద్రపోయాడో రాసుకోవడానికి మాత్రం ఏ రిజిస్టరులోనూ గడి లేదు.

అప్పటికి దేశంలో ఎక్కడా ఆ ఆలోచన లేదు. విపత్తు బాధితుల మనసు సంగతి మన మానసిక వైద్యులు క్రమపద్ధతిలో పట్టించుకోవడం 1984లో భోపాల్ దుర్ఘటన తర్వాతే మొదలైంది. లాతూరు భూకంపం, ఒడిశా పెనుతుపాను, సునామీ దాటాక 2009లో గానీ జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దీనిమీద ప్రత్యేకంగా మార్గదర్శకాలు తేలేదు. ఈలోగా దివిసీమ తన దుఃఖాన్ని తానే మోసింది. కార్తీకంలో గాలి పెరిగితే కంటిమీద కునుకు లేని పెద్దవాళ్ళు సొర్లగొంది, పాలకాయతిప్ప వైపు ఇప్పటికీ ఉన్నారు. తుపాను ముందు జనాన్ని ఖాళీ చేయించడం మనం బాగా నేర్చుకున్నాం. 2025 అక్టోబరులో మొంథా వచ్చినప్పుడు అది కనిపించింది. తుపాను వెళ్ళిపోయాక వారం తర్వాత వాళ్ళింటికి వెళ్ళి ‘నిద్ర పడుతోందా అమ్మా’ అని అడిగే పని ఎవరిదన్నదే ఇంకా తేలలేదు.

అడగాలి. ఎందుకంటే మనవైపు దిగులు పడ్డ మనిషి దిగులని చెప్పడు. ఒళ్ళు నొప్పులంటాడు, గుండె దడంటాడు, నీరసమంటాడు. ఆరెంపీ దగ్గర సెలైను ఎక్కించుకుని, బలానికి సూది వేయించుకుని ఇంటికొస్తాడు. మనసు డాక్టరు దగ్గరికి వెళ్ళాడని తెలిస్తే ఊళ్ళో పేరు పడుతుందని భయం. ఇంట్లో పెళ్ళీడు పిల్ల ఉంటే ఆ మాటే ఎత్తనివ్వరు. అందుకే ‘సాయం కావాలంటే రండి’ అని బోర్డు పెట్టి కూర్చుంటే ఎవరూ రారు.

ఈ అడిగే పని జరిగేదేనని మన పొరుగునే రుజువైంది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ వాళ్ళు ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ పేరుతో పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, చేతికి ట్యాబ్ ఇచ్చారు. వాళ్ళు ఇంటింటికీ వెళ్ళి కొన్ని ప్రశ్నలు అడిగి, అవసరమైనవాళ్ళను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపారు. అక్కడి మామూలు డాక్టరే వైద్యం మొదలుపెట్టాడు. తర్వాత హర్యానా పల్లెలను కూడా కలిపి 44 ఆరోగ్య కేంద్రాల పరిధిలో పరీక్షించి చూస్తే, అలా పట్టించుకున్నచోట దిగులు బాగా తగ్గింది. ఆ ఫలితాలు 2024లో అచ్చయ్యాయి. కొల్లేటికి అవతల జరిగింది ఇవతల జరగకపోవడానికి నాకు కారణం కనపడదు.

ఇక బడి. 2025 జులై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రతి ప్రధానోపాధ్యాయుడి బల్లమీదా ఉండాలి. విశాఖలో నీట్ శిక్షణకొచ్చి ప్రాణం కోల్పోయిన ఒక అమ్మాయి తండ్రి పోరాడి తెచ్చుకున్న తీర్పు అది. నూరుమంది గానీ అంతకు మించి గానీ పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలంది. అంతకంటే చిన్న బడి అయితే బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలంది. మార్కులను బట్టి సెక్షన్లు వీలైనంతవరకు విడగొట్టవద్దంది. బోధన సిబ్బందికే కాదు, మిగతా సిబ్బందికీ ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలంది. ఈ చివరిది నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. హాస్టల్లో పిల్లాడు అన్నం వదిలేశాడని మొదట తెలిసేది వంటమనిషికి. రాత్రిపూట వరండాలో ఒంటరిగా తిరుగుతున్నాడని తెలిసేది వాచ్‌మన్‌కి. వాళ్ళకు ఎవరికి చెప్పాలో తెలిస్తే చాలా ప్రాణాలు నిలుస్తాయి. ఇంటర్ ఫలితాల వారం మన జిల్లాలో ఏ తల్లీ తలుపు దగ్గర కాపలా పడుకోనక్కర్లేని రోజు రావాలి.

ఆఫీసుల సంగతి వేరుగా లేదు. గుడివాడలో బస్సు నడిపే డ్రైవరైనా, బందరులో ఫైళ్ళు చూసే గుమాస్తా అయినా, మనసు బాగాలేక సెలవు పెడితే చీటీలో ‘జ్వరం’ అనే రాస్తారు. నిజం రాసినా ఉద్యోగానికి, పరువుకి ఏమీ కాదన్న ధైర్యం పైఅధికారే ఇవ్వాలి. ఊరందరి కష్టమూ వినే ఆశా కార్యకర్త కష్టం వినేవాళ్ళూ ఉండాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వ వైద్యాన్ని ప్రతి ఒక్కరికీ హక్కుగా ఇచ్చింది. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్‌ సహాయవాణి 14416 నంబరుకు ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ప్రతి సచివాలయం గోడమీదా, ప్రతి బస్సు లోపలా ఆ నంబరు పెద్ద అక్షరాల్లో రాయించాలి.

సుప్రీంకోర్టు తీర్పు అమలు చూసేందుకు ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన కమిటీ ఉండాలని కోర్టే చెప్పింది. కృష్ణా జిల్లా కలెక్టరుగారికి నా విన్నపం ఒకటే. ఆ కమిటీ సమావేశం ఒక్కసారైనా బందరులో కాకుండా దివిసీమలోని నాగాయలంకలో పెట్టండి. హాస్టల్ వార్డెన్లను, వంటవాళ్ళను, ఆశా కార్యకర్తలను, డిపో మేనేజర్లను పిలవండి. అవనిగడ్డ ప్రభుత్వాసుపత్రిలో మనసు డాక్టరు వారంలో ఏ రోజు ఉంటారో అక్కడే, అందరి ముందూ ప్రకటించండి.