జాబితాకెక్కని సోదరీమణులు

మహిళా పారిశ్రామికవేత్తలు దేశాభివృద్ధికి ఎంతగా తోడ్పడుతున్నారో తేల్చాలని కరీంనగర్‌లోనో ఆదిలాబాద్‌లోనో పరిశోధన తలపెట్టేవారిని మేము మొదట అడిగేది ఒక్కటే. నమూనాను ఏ జాబితా నుంచి తీస్తారు?

జిల్లా పరిశ్రమల కేంద్రంలో నమోదైన పేర్లు తీసుకుని, చీటీలు వేసి 200 మందిని ఎంచుకోవడం సులువు. పాఠ్యపుస్తకం ప్రకారం తప్పూ లేదు. కానీ జాబితాలో పేరు లేని స్త్రీ ఎన్ని చీటీలు తీసినా రాదు. ఇంట్లో కుట్టుమిషన్ నడిపేవారికి, మగ్గం పని చేసేవారికి, సమోసాలు చేసి హోటళ్లకు పంపేవారికి బోర్డు ఉండదు. లైసెన్సు ఉన్నా భర్త పేరిటే ఉండవచ్చు. ముస్లిం స్త్రీల ఉపాధిలో ఇంటిపట్టున చేసే పనుల వాటా ఎక్కువని సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. ఆరవ ఆర్థిక గణన దేశంలో మహిళల సంస్థలను సుమారు 80 లక్షలుగా లెక్కించింది. వాటిలో అత్యధికం కూలికి పెట్టుకున్న పనివారు లేనివే. వీటిని వదిలేసి తేల్చేది ఏ దేశపు అభివృద్ధి?

అయితే బీడీలు చుట్టే సోదరీమణులను పారిశ్రామికవేత్తల్లో కలిపి సంఖ్య పెంచడాన్ని మేము ఒప్పుకోము. కంపెనీ ఇచ్చిన తునికాకు, తంబాకుతో వెయ్యి బీడీలకు ఇంత అని కూలి తీసుకునే ఆమె శ్రామికురాలు. ఆమెకు దక్కవలసింది కనీస వేతనం, భవిష్యనిధి, బిరుదు కాదు. ఆమే రాత్రిపూట సొంత పెట్టుబడితో జాకెట్లు కుట్టి అమ్మితే, ఆ పని మాత్రం లెక్కకు రావాలి.

కాబట్టి ముందు మండలాలను, వార్డులను ఎంచుకుని, అక్కడ ఇల్లిల్లూ తిరిగి జాబితా తయారుచేయాలి. చీటీ ఆ తర్వాతే. ఒకరు చెప్పిన మరొకరి దగ్గరకు వెళితే ఒకే చుట్టరికం చేతికి చిక్కుతుంది. జనాభా దామాషాలో తీస్తే ముస్లిం స్త్రీలు పదిమందో పదిహేనుమందో వస్తారు, వారి నుంచి ఏ నిర్ధారణా కుదరదు. ఎక్కువమందిని తీసుకుని, మొత్తం లెక్కలో వారి వాటాను సరిచేయవచ్చు. గణాంకశాస్త్రం ఒప్పుకునే పద్ధతే అది. ఆదిలాబాద్ అంటే 2016 అక్టోబరుకు ముందటి జిల్లాయా, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ విడిపోయాక మిగిలినదా అన్నదీ చెప్పాలి.

ఉర్దూ వచ్చిన మహిళలే ప్రశ్నలు అడగాలి. ఇక మన కుటుంబాలకు ఒక మనవి: వారు గుమ్మంలోకి వచ్చినప్పుడు మగవారు జవాబు చెప్పి పంపకండి. సంపాదిస్తున్న ఆమెనే పిలవండి.