పొర ఒక్కటే.. వాటాదారులు నలుగురు
నార్జి సున్నపురాతికి ఉమ్మడి లెక్క ఏదీ?

నంద్యాల: ఇంటి వసారాలో పరిచే నాపబండ, గోడ కట్టే సిమెంటు, బోరులో ఊరే నీరు, పర్యాటకులను రప్పించే బెలుం గుహ.. వేర్వేరుగా కనిపించే ఈ నాలుగింటికీ ఆధారం ఒకే రాతిపొర. భూగర్భ శాస్త్రవేత్తలు దీనిని ‘నార్జి సున్నపురాయి’గా వ్యవహరిస్తారు. నంద్యాల, కడప జిల్లాల్లో ఎన్నో కుటుంబాలకు అన్నం పెడుతున్న ఈ పొరను ప్రభుత్వ యంత్రాంగం మాత్రం ముక్కలుగానే చూస్తోంది. నాపరాతి లీజులు గనుల శాఖవి, సిమెంటు గనుల ప్రణాళికలు ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్‌వి, నీటి మట్టాలు భూగర్భ జల శాఖవి, గుహ పర్యాటక సంస్థది. ఒకరి వాడకం మరొకరి వాటాను దెబ్బతీసే చోట తీర్పు చెప్పేదెవరన్నదే అసలు ప్రశ్న.

ఊళ్ల పేర్లే పొరల పేర్లు

భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలలపై సమగ్ర గ్రంథం వెలువరించారు. ఏ పొర ఏ ఊరి వద్ద స్పష్టంగా బయటపడితే ఆ ఊరి పేరే దానికి స్థిరపడింది. ‘కర్నూలు సముదాయం’గా పిలిచే ఈ శిలల్లో అన్నిటికన్నా అడుగున ఉన్నది బనగానపల్లె క్వార్ట్‌జైట్. దాని మందం 10 నుంచి 57 మీటర్లు. దానిపై 100 నుంచి 200 మీటర్ల నార్జి సున్నపురాయి, 10 నుంచి 15 మీటర్ల ఔకు షేలు వరుసగా ఉంటాయి. ఆపైన పాణ్యం క్వార్ట్‌జైట్, కోవెలకుంట్ల సున్నపురాయి, అన్నిటికీ మీద నంద్యాల షేలు పరుచుకున్నాయి.

ఈ వరుసలోనే ప్రాంత చరిత్ర ఇమిడి ఉంది. క్వార్ట్‌జైట్ ఒకనాటి తీరపు ఇసుక. సున్నపురాయి తేటనీటి లోతులేని సముద్రంలో పేరుకున్న నిక్షేపం. షేలు గట్టిపడిన బురద. ఇసుక, సున్నం, బురద అన్న క్రమం ఇక్కడ రెండుసార్లు కనిపిస్తుంది. అంటే సముద్రం రెండు విడతలుగా ఈ నేలను ముంచెత్తిందన్నమాట. అట్టడుగున ఉన్న గులకరాళ్ల పొరలోనే పూర్వం బనగానపల్లె వజ్రాల గనులు నడిచాయి. ఈ శిలలు సుమారు 100 కోట్ల నుంచి 54 కోట్ల సంవత్సరాల మధ్య కాలానివన్నది ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం. గవ్వలు, నత్తగుల్లల వంటి జీవులు అప్పటికి పుట్టలేదు. అందుకే ఈ రాతిలో ఎంత వెతికినా గవ్వ కనిపించదు.

బండకు ఒకటి.. బట్టీకి మరొకటి

నార్జి పొర అంతటా ఒకే తీరుగా ఉండదు. పలుచని పొరలుగా విడివడే చోట నాపరాయి దొరుకుతుంది. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఔకు, బనగానపల్లె ప్రాంతాల బండల పరిశ్రమకు ఈ గుణమే మూలధనం. మందంగా, ముద్దగా ఉండి సున్నం శాతం అధికంగా ఉన్న రాయి సిమెంటు బట్టీలకు చేరుతుంది. ఎర్రగుంట్ల, కొలిమిగుండ్ల పరిసరాల్లో సిమెంటు కర్మాగారాలు వెలియడానికి కారణమిదే. పల్నాడులోని పిడుగురాళ్ల, మాచర్ల ప్రాంతాల సున్నపు వనరు కూడా ఈ పొరకు చెందినదే. ఒక టన్ను క్లింకరుకు సుమారు టన్నున్నర సున్నపురాయి కావాలి. కాబట్టి కర్మాగారం సామర్థ్యం పెరిగిన ప్రతిసారీ గని వైశాల్యమో, లోతో పెరగక తప్పదు.

నాపబండలు చిన్నతరహా ఖనిజం. సిమెంటు రాయి ప్రధాన ఖనిజం. సిమెంటు గనులకు మూసివేత ప్రణాళిక 2003 నుంచి తప్పనిసరి. నాపరాతి గనుల విషయానికొస్తే, బండ తీయగా మిగిలిన వ్యర్థాలు గుట్టలుగా పేరుకోవడం, రాయి అయిపోయిన గోతులు అలాగే మిగలడం చూస్తూనే ఉన్నాం.

నీటి దారి.. గుహ పునాది

వాన నీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని స్వల్ప ఆమ్లంగా మారుతుంది. అది సున్నపురాతి పగుళ్లలోకి దిగి రాతిని మెల్లగా కరిగిస్తుంది. పగులు సందవుతుంది, సందు సొరంగమవుతుంది. 3,229 మీటర్ల పొడవున్న బెలుం గుహలు ఇలా ఏర్పడినవే. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటిని నమోదు చేయగా, 1982-83లో డేనియల్ గెబాయర్ నేతృత్వంలోని జర్మన్ బృందం కొలతలు తీసింది. 2002లో సందర్శకులకు తెరిచారు. ఇక్కడ గమనించాల్సిందొకటుంది. బెలుం వద్ద కొండ లేదు. చదును పొలాల నడుమ బావి వంటి గొయ్యే గుహకు ద్వారం. అటువంటి గుల్ల మరో చోట ఉన్నా నేల మీద నిలబడిన వారికి తెలిసే అవకాశం లేదు.

బోర్ల కథా ఇంతే. ఈ రాతిలో నీరు పగుళ్ల వెంట మాత్రమే నడుస్తుంది. పగులు తగిలిన రైతు బోరులో నీరు ఉబుకుతుంది, పక్క పొలంలో దుమ్మే లేస్తుంది. ఇసుక నేలలో మాదిరిగా వడకట్టే గుణం లేనందున మురుగు చేరితే అదీ వేగంగా పాకుతుంది. గని లోతు నీటి మట్టాన్ని దాటితే, తోడిపోసే నీరు చుట్టుపక్కల బావుల వాటాలోనిదే అవుతుంది.

అందిన హెచ్చరికలు

2015 నవంబరు వర్షాల తర్వాత కడప జిల్లా చింతకొమ్మదిన్నె మండలంలో నేల ఉన్నట్టుండి కుంగి గోతులు పడ్డాయి. జనం భయాందోళనలకు గురయ్యారు. ఏళ్ల కరవులో నీటి మట్టం పడిపోయి, ఆపై ఒక్కసారిగా నీరు చేరినప్పుడు భూమి లోపలి గుల్లలపై ఉన్న మట్టి నిలవదు. గాలేరు-నగరి వరద కాలువపై ఔకు సొరంగాల తవ్వకానికి బలహీన శిలలు అడ్డుపడి పనులు ఏళ్ల తరబడి సాగాయి. రెండో సొరంగం 2023 నవంబరు 30న ప్రారంభమైంది. లోపలి పొరల తీరు ముందుగా తెలియకపోతే మూల్యం ఎంతో ఈ రెండు ఉదంతాలూ చాటుతున్నాయి.

చేయాల్సిందేమిటి?

గనులు ఆపాలనడం సబబు కాదు. బండ తీసే కూలీకి, పాలిష్ యూనిట్ కార్మికునికి మరో జీవనాధారం చూపకుండా ఆ మాట అనలేం. అయితే 2016 నుంచి చిన్నతరహా ఖనిజాలకు తప్పనిసరైన జిల్లా సర్వే నివేదికలో నిల్వలు, ఆదాయంతో పాటు నీటి పగుళ్లు, గుల్లలు ఉన్న ప్రాంతాల పటాన్నీ చేర్చవచ్చు. లీజు ఇచ్చే ముందు భూగర్భ జల శాఖ పరిశీలనను షరతుగా పెట్టవచ్చు. గుహల చుట్టూ పేలుళ్లు లేని హద్దును నిర్ణయించవచ్చు. వదిలేసిన గోతులను వ్యర్థాలతోనే పూడ్చడానికి, అనువైన చోట చెరువులుగా మలచడానికి 2015 చట్ట సవరణతో ఏర్పడిన జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధులను వాడే మార్గం పరిశీలించాలి.

తీసిన బండ తిరిగి పుట్టదు. నీరు మాత్రం దారి మూయకుంటే ఏటా వస్తుంది. నాలుగు శాఖల అధికారులు ఒకే పటం ముందు కూర్చుంటే తప్ప ఈ తేడా లీజు కాగితాల్లోకి ఎక్కదు. ఆ చొరవ కలెక్టర్ల స్థాయిలో మొదలు కావాలి.