కోస్తే ఖర్చు... వదిలేస్తే నష్టం!

పేపర్లో ఆ ఫొటో చాలామంది చూసే ఉంటారు. మార్కెట్ యార్డు గేటు బయట ఎర్రగా టమాటాల గుట్ట. పక్కన ఖాళీ ట్రాక్టర్. తీరిగ్గా మేస్తున్న గేదెలు. అది చూడగానే పిల్లలు వేసే ప్రశ్న ఒకటే... 'అన్ని పారబోసే బదులు ఎవరికైనా ఇచ్చేయొచ్చుగా?' పెద్దవాళ్ల జవాబూ దాదాపు ఒకటే... 'కడుపు మండి పోసేశాడు పాపం!' కడుపుమంట నిజమే. కానీ దానికంటే ముందు అక్కడో లెక్క ఉంది. కూడికలూ తీసివేతలూ వస్తే చాలు, ఎనిమిదో తరగతి పిల్లలకీ అర్థమయ్యే లెక్క.

ఓ రైతు ఎకరంలో టమాటా వేశాడనుకుందాం. దుక్కి, నారు, ఎరువులు, పురుగుమందులు, మొక్కలు వాలిపోకుండా పాతే కట్టెలు, కలుపు కూలీ... కాయ ఎర్రబడేనాటికి 1,00,000 రూపాయలు అయిపోయాయి. (ఈ అంకెలన్నీ లెక్క తేలిగ్గా ఉండటానికి వేసుకున్నవే. ఊరిని బట్టి, ఏడాదిని బట్టి మారతాయి.) తోటలో 25 కిలోల క్రేట్లు 800 వస్తాయి, అంటే 20 టన్నులు. ఇక్కణ్నుంచి మొదలయ్యే ఖర్చు వేరు. క్రేటు కాయలు కోయడానికి కూలీ 15 రూపాయలు. మండీకి చేర్చడానికి వ్యాను బాడుగ 20. దింపుడు కూలీ, కమీషన్ కలిపి 10. మొత్తం 45.

ముందు పెట్టిన లక్షా ఖర్చే, ఈ 45 రూపాయలూ ఖర్చే. అయినా రెండూ ఒకటి కావు. లక్ష ఇప్పటికే చెయ్యి దాటిపోయింది. కాయ కోసినా, మానేసినా తిరిగిరాదు. ఇలాంటిదాన్ని అర్థశాస్త్రంలో 'సంక్ కాస్ట్' అంటారు. మునిగిపోయిన ఖర్చన్నమాట. 45 రూపాయలు అలా కాదు. కోస్తేనే పోతాయి. కోయకపోతే జేబులోనే ఉంటాయి.

ఇప్పుడు మండీకి వెళ్దాం. లక్షను 800 క్రేట్లకు పంచితే ఒక్కోదాని మీద 125 పడుతుంది. 45 కలిపితే 170. క్రేటు 170 పలికితే, అంటే కిలో 6 రూపాయల 80 పైసలైతే, లాభమూ లేదు, నష్టమూ లేదు. 400 పలికిందా, పండగే.

పలికింది 100 మాత్రమే అనుకోండి. క్రేటుకు 70 రూపాయల నష్టం. 'నష్టానికి అమ్మడం ఎందుకు, తోటలోనే వదిలేస్తే పోలా' అనిపిస్తుంది. పెద్దపెద్ద వ్యాపారులు కూడా తప్పులో కాలేసేది ఇక్కడే. కోసి అమ్మితే 45 పోనూ క్రేటుకు 55 రూపాయలు చేతికొస్తాయి. 800 క్రేట్లకు 44,000. మునిగిన లక్షలో ఆమేరకు బయటపడినట్టే, నష్టం 56,000 దగ్గర ఆగుతుంది. కోయకుండా వదిలేస్తే లక్షకు లక్షా పోయినట్టే! నష్టమని తెలిసీ కోయడమే ఇక్కడ తెలివైన పని.

అదే క్రేటు ధర 40కి పడిపోతే? కోసిన ప్రతి క్రేటుకూ రైతే 5 రూపాయలు ఎదురు పెట్టుకోవాలి. తోటంతా కోస్తే పోయిన లక్షకు మరో 4,000 తోడవుతాయి. పండిన కాయలు మొక్కకే కుళ్లిపోతున్న తోటలు కనిపించేది ఇలాంటి రోజుల్లోనే. అది బద్ధకం కాదు, లెక్క.

మరి కోసి, మండీ దాకా తెచ్చి పారబోయడం ఏమిటి? పొద్దున కోసేటప్పుడు ధర 100 ఉంది. తీరా వేలంపాట సమయానికి పక్క మండలాల నుంచి కూడా సరుకు వచ్చిపడింది. అప్పటికే కోత కూలీ, బాడుగ కూడా మునిగిన ఖర్చుల్లో చేరిపోయాయి. ఇంక పెట్టాల్సింది దింపుడుకూ కమీషన్‌కూ 10 రూపాయలే. పాట 15 పలికినా ఇచ్చేయడమే మేలు. అసలు పాడేవాళ్లే లేకపోతే? ఇంటికి తీసుకెళ్లడానికి మళ్లీ బాడుగ. పట్నం తీసుకెళ్లి ఊరికే పంచాలన్నా బండికి డీజిల్ ఎవరో ఒకరు పోయించాలి. దాంతో గుట్ట గేటు బయటే పడుతుంది.

ధర అంతలా ఎందుకు పడుతుందో తెలియాలంటే 2023 సంగతి చూడాలి. ఆ ఎండాకాలంలో ధరల్లేక చాలాచోట్ల రైతులు టమాటా తగ్గించేశారు. దానికితోడు వాతావరణం దెబ్బతీసింది. జులై చివరికి మదనపల్లె మార్కెట్లో మేలురకం కిలో 200 రూపాయలకు చేరువైంది. ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లలో ప్రభుత్వం కిలో 50కి అమ్మించింది. ఢిల్లీలో కేంద్రం వ్యాన్లు పెట్టి తక్కువ ధరకు ఇప్పించింది. ఆ నెల దేశంలో చిల్లర ధరల ద్రవ్యోల్బణం 7.44 శాతానికి ఎగబాకడంలో కూరగాయలదే పెద్ద వాటా.

200 రూపాయల ధర చూసి ఎవరికి ఆశ పుట్టదు? అందరూ నారు నాటారు. నాటిన కాయ కోతకు రావడానికి రెండు నెలల పైమాటే. ఈలోపు పక్కూరి తోటా కాపుకొచ్చింది, పక్క రాష్ట్రం తోటా కాపుకొచ్చింది. సెప్టెంబరుకల్లా ధర పాతాళానికి జారింది. ఎవరికివాళ్లు సరిగ్గానే ఆలోచించారు. చిక్కల్లా అందరూ ఒకేలా ఆలోచించడమే! 1920ల చివర్లో జర్మనీలో ఆర్థర్ హానౌ అనే ఆర్థికవేత్త పందుల ధరల్లో ఇదే తంతు గమనించాడు. 1934లో నికొలస్ కాల్డర్ దీనికి 'కాబ్‌వెబ్' అని పేరుపెట్టాడు. సాలెగూడన్నమాట. ధరనూ పంటనూ గ్రాఫు కాగితం మీద గీస్తే గీత అలాగే చుట్టలు తిరుగుతుంది.

చవగ్గా దొరికితే జనం ఎక్కువ కొంటారు కదా అనొచ్చు. కొంటారు, కానీ ఎంతని? ధర పదోవంతుకు పడిందని ఏ ఇంట్లోనూ పది రెట్లు చారు కాయరు. గుంటూరు మిర్చి అయితే కోల్డ్‌స్టోరేజీలో పెట్టి నెలల తరబడి మంచి ధర కోసం ఎదురుచూడొచ్చు. పండిన టమాటాకు ఆ ఓపిక లేదు.

ఒక్క విషయంలో మాత్రం పుస్తకం చెప్పే లెక్క రైతు ఇంట్లో సరిపోదు. మునిగిన లక్షను మర్చిపోయి నిర్ణయం తీసుకోవాలంటుంది పుస్తకం. ఆ లక్ష నూటికి 2 రూపాయల వడ్డీకి తెచ్చిందైతే అది నెలనెలా 2,000 అడుగుతూనే ఉంటుంది. అందరూ టమాటా మానేసినప్పుడు వేసినవాడే గెలుస్తాడని ప్రతి రైతుకూ తెలుసు. అప్పుడు నారు కొనడానికి చేతిలో డబ్బుండాలి. పాత బాకీ తీరకపోతే కొత్త అప్పు ఎవరిస్తారు?

ఇక ఈవారం లెక్క. కాపు చివరికొచ్చేసరికి కాయలు పలచబడతాయి. క్రేటు నిండాలంటే కూలీలు తోటంతా తిరగాలి. అందుకని కోత కూలీ క్రేటుకు 15 నుంచి 40కి పెరిగింది. బాడుగ, దింపుడు, కమీషన్ మారలేదు. మండీలో క్రేటు 60 పలుకుతోంది. తోటలో ఇంకా 50 క్రేట్ల కాయ ఉంది. కోయాలా, వదిలేయాలా? లెక్క వేసేటప్పుడు మొదటి లక్షను మాత్రం దగ్గరికి రానివ్వకండి.